చెల్లి ఎవరి కోసం పెట్టింది ఆ ఫోటో

రెండేళ్ల కిందట ఒక పొద్దున్న షాపు షట్టరు ఎత్తి జిరాక్స్ మెషిన్ ఆన్ చేశాను. అది వేడెక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ ఫోన్ చూసుకోవడం నాకు అలవాటు. మా చెల్లి, అంటే మా చిన్నాన్న కూతురు, ముందురోజు రాత్రి వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫోటో పెట్టింది. అందులో చిన్నాన్న డయాలసిస్ మంచం మీద పడుకుని ఉన్నాడు. ఎడమ చేతికి రెండు గొట్టాలు, వాటి నిండా రక్తం. ఒంటి మీద చొక్కా లేదు. ఇంటి నుంచి పట్టుకెళ్లిన గళ్ల తువ్వాలు ఛాతీ మీద కప్పి ఉంది. కళ్లు సగం మూసుకుపోయాయి, నోరు కొద్దిగా తెరుచుకుంది. కింద చెల్లి రాసింది ఒకటే ముక్క: "ఈ వారంలో రెండోది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి ఎవరైనా వస్తే, బనీను మీద చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాక గాని గుమ్మంలోకి రాని మనిషి ఆయన. వెంటనే ఫోన్ చేసి చడామడా తిట్టాను. "ఊరందరికీ చూపించే ఫోటోనా అది? పెట్టేముందు ఆయన్ని అడిగావా?" అన్నాను. చెల్లి ఎదురు చెప్పలేదు. నేను ఆగాక మెల్లిగా అంది: "చూడాల్సినోడు చూసినాడన్నియ్యా." అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ఆ తర్వాత, జనం తమ సొంత సంగతులు ఫోన్లో ఎందుకు పెడతారన్న విషయంలో నా అభిప్రాయం మొత్తం మారిపోయింది. ఎలా మారిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు మా వైపు సంగతి కొంచెం చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఉన్న ఊళ్లు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ తోటల నీడలోనే ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు కూడా ఉంది. నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చి రక్తం నమూనాలు పట్టుకెళ్లారు. ఇదీ కారణం అని ఈ రోజుకీ గట్టిగా తేలలేదు. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ వరకూ పరిగెత్తాల్సి వచ్చేది. తర్వాత మా దగ్గర్లోనే డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. కిడ్నీలు ఎలా ఉన్నాయో రక్తపరీక్షలో చెప్పే అంకె క్రియాటినిన్. మా ఊళ్లో సంతకం పెట్టడం రానివాళ్లకి కూడా ఆ మాట తెలుసు. ఎవరికి ఎంత ఉందో కూడా తెలుసు, కానీ పైకి అనరు.

ఎందుకు అనరంటే, ఇంట్లో ఒకరికి ఆ జబ్బు ఉందని బయటపడితే ఆ ఇంటి పిల్లలకి సంబంధాలు రావు. రేపు వీళ్లకీ వస్తుందేమోనని అవతలివాళ్ల భయం. అందుకని పలాస వెళ్తూ "బ్యాంకు పని" అని చెప్పి బస్సెక్కేవాళ్లని నేను చూశాను. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసే ఫిస్టులా ఉబ్బు కనబడకుండా మండుటెండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాళ్లని చూశాను. చెల్లికి ఇంకా పెళ్లి కాలేదు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంది. ఆ ఫోటో సంగతి తెలిసి మా నానమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. "పెళ్లి కావాల్సిన గుంటవి, నీ ఫోన్లోనే ఎట్టుకుంతావేటే? ఇంటి గుట్టు లంకకి చేటని తెల్దా?" అంది.

గుట్టు. చదువుకున్నవాళ్లు గోప్యత అంటున్నదానికి మా ఇళ్లలో ఉన్న మాట ఇదే. దీని గురించి మళ్లీ చెప్తాను.

ఆ ఆదివారం ఊరెళ్లాను. చెల్లి అరుగు మీద కూర్చుని ఫోన్ తీసి నాకు ఒక స్క్రీన్‌షాట్ చూపించింది. స్టేటస్ ఎవరెవరు చూశారో ఆ లిస్టు. స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో పోతుంది, లిస్టూ దానితోనే పోతుంది. అందుకని పోకముందే ఫోటో తీసి దాచుకుంది. ఆ లిస్టు పొడుగునా పేర్లు: ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, గ్యాస్ బండివాడు, టైలరు, నేను. వాటి మీదుగా ఆమె బొటనవేలు మెల్లగా జరిగి ఒకచోట ఆగింది. "తమ్ముడు కొత్త నంబర్. 11:42."

తమ్ముడు గల్ఫ్‌లో వెల్డరు. చిన్నాన్న వైద్యానికని ఉన్న జీడితోట అమ్మేశారు, వాడికి ఒక మాట చెప్పకుండా. వాడికి కోపం వచ్చింది. ఏడు నెలలు ఇంటికి ఫోన్ లేదు. వీళ్లు చేస్తే కట్ చేసేవాడు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడేవి, జవాబు ఉండేది కాదు. "వాట్సాప్‌లో నంబరు ఇద్దరి దగ్గరా ఉంటేనే స్టేటస్ కనిపిస్తాదన్నియ్యా. వాడు చూసినాడంటే నా నంబరు తీసీలేదు" అంది చెల్లి. మర్నాడు రాత్రి వాడు ఫోన్ చేశాడు. ముందు అరగంట ఎవరూ మాట్లాడలేదట, ఏడుపే.

అంటే ఆ ఫోటో ఊరికి పెట్టింది కాదు. వందలమంది కంట పడినా ఒక్కడి కోసం పెట్టింది. నేరుగా అడిగితే కాదంటాడని, తెలియనట్టు వాడి కళ్లముందు పెట్టింది. మిగతా అందరం ఆ ఉత్తరం మోసుకెళ్లిన పోస్టుమన్‌లం.

అప్పటి నుంచీ ఎవరి పోస్టు చూసినా నేను అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఇది ఎవరి కోసం? "జనం తమ విషయాలన్నీ ప్రపంచానికి ఎందుకు చెప్పేసుకుంటున్నారు" అని పేపర్లలో రాస్తుంటారు, టీవీలో చర్చలు పెడుతుంటారు. ఆ ప్రశ్నే తప్పుగా అడుగుతున్నాం అనిపిస్తుంది. ప్రపంచానికి ఎవరూ ఏమీ చెప్పడం లేదు. ప్రతి పోస్టు మీదా, పైకి కనబడకపోయినా, ఒకరిదో ఇద్దరిదో పేరు ఉంటుంది.

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర పద్నాలుగేళ్లుగా ఈ షాపు నడుపుతున్నాను. జిరాక్స్, ప్రింటవుట్లు, ల్యామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఫ్లెక్సీ డిజైన్. మనుషుల కాగితాలు చూసినవాడికి మనుషులు తెలుస్తారు. మా షాపు ఫోన్‌కి రోజూ ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, స్కానింగ్ రిపోర్టులు, కోర్టు నోటీసులు వాట్సాప్‌లో వస్తుంటాయి. వాటితో పాటు వాళ్ల నంబర్లు సేవ్ అవుతాయి, వాళ్ల స్టేటస్‌లూ కనబడతాయి. అలా చూస్తూ చూస్తూ కొన్ని చిరునామాలు పట్టుకున్నాను.

ఒక రిటైర్డ్ మాస్టారు రోజూ పొద్దున్న ఆరున్నరకి టీ గ్లాసు ఫోటో పెడతారు. అదే గ్లాసు, అదే కిటికీ గట్టు. వానొస్తే వెనకాల వాన ఉంటుంది, ఎండొస్తే ఎండ. ఈయనకి వేరే పని లేదనుకునేవాణ్ణి. ఒకరోజు లైఫ్ సర్టిఫికెట్ పని మీద షాపుకి వచ్చినప్పుడు అడిగాను. "అమ్మాయి అమెరికాలో ఉంది బాబూ. నాకు రెండుసార్లు గుండె నొప్పి వచ్చింది. ఇంట్లో ఒక్కణ్ణే. ఏడింటికల్లా టీ కనబడకపోతే పక్కింటివాళ్లకి ఫోన్ చేసేస్తుంది" అన్నారు. అవతలి దేశంలో ఆ అమ్మాయికి అది సాయంత్రం. ఆఫీసు నుంచి వస్తూ నాన్న బతికే ఉన్నాడని చూసుకుంటుంది. ప్రభుత్వానికి ఏడాదికోసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ని ఆయన కూతురికి రోజూ ఇస్తున్నారు.

డిగ్రీలో ఫస్ట్ క్లాసు వచ్చిన మెమోని ఒకమ్మాయి స్టేటస్‌లో పెట్టింది. ఆడపిల్లకి చదువెందుకన్న పెదనాన్న చూడాలని. నిమ్మకాయల మీద నుంచి పోనిస్తున్న కొత్త బండి వీడియో ఇంకొకడు పెట్టాడు. అదెవరికో కూడా నాకు తెలుసు, ఇక్కడ చెప్పను.

"ఎన్ని చెప్పు, అదంతా షో" అంటారు నా ఫ్రెండ్స్. షో చెయ్యడం ఫోన్లతో వచ్చిందా? పెళ్లయ్యాక మా వైపు అమ్మాయితో సారె పంపిస్తారు. లడ్డూలు, అరిసెలు, చేగోడీలు బుట్టల్లో తెస్తారు. వాకిట్లో అందరూ చూసేలా పెడతారు, లెక్కపెడతారు, తర్వాత వీధి వీధంతా ఇంటింటికీ పంచుతారు. మా అమ్మాయిని వట్టి చేతులతో పంపలేదు, వెనకాల మేమున్నాం అని అత్తవారి ఊరికి పుట్టింటివాళ్లు చెప్పే మాట అది. ఆ బుట్టలు చూసి ఊళ్లో పదిమంది పది రకాలుగా అనుకోవచ్చు. కానీ సారె వెళ్లింది ఆ అత్తగారి కోసం, ఆ అమ్మాయి ధైర్యం కోసం. మంచి జరిగితే నలుగురికీ చూపించుకోవాలి, చెడు జరిగితే నలుగురు రావాలి అన్నది మన బతుకులో మొదటినుంచీ ఉన్నదే. "నలుగురు" అన్న మాటలోనే అంతా ఉంది. ఎంతమందో తెలిసిన గుంపు, మొహాలు తెలిసిన గుంపు.

మన గురించి మనం ఇంకొకరికి చెప్పుకోవడంలో సంతోషం ఉందని శాస్త్రవేత్తలు కూడా కొలిచి చూశారు. హార్వర్డ్‌లో డయానా టామిర్, జేసన్ మిచెల్ 2012లో ప్రచురించిన పరిశోధనలో, తమ గురించి చెప్పుకుంటున్నవాళ్ల మెదడుని స్కానింగ్‌లో చూస్తే, తిండి, డబ్బు లాంటివి దొరికినప్పుడు స్పందించే భాగాలే అప్పుడూ స్పందించాయని తేలింది. తమ గురించి జవాబు చెప్పే అవకాశం కోసం వచ్చే డబ్బులో కొంత వదులుకోవడానికి కూడా జనం సిద్ధపడ్డారు. నాకు ముఖ్యం అనిపించింది ఇంకొకటి: తన గురించి లోపల తలుచుకోవడం కంటే, తను చెప్పింది పక్కమనిషికి చేరుతుందని తెలిసినప్పుడు ఆ తృప్తి ఎక్కువగా ఉంది. వినేవాళ్లు ఉండాలి. టీ గ్లాసు మాస్టారికి ఆ స్కానింగ్ అక్కర్లేదు.

మరి మా వైపు ఇది ఇంత ఎక్కువ ఎందుకంటే, వినేవాళ్లు ఊళ్లో లేరు. ఉద్దానంలో ఏ ఇంటికి వెళ్లినా ఒకరు గల్ఫ్‌లో ఉంటారు, ఒకరు హైదరాబాదులో, ఒకరు చెన్నైలోనో ముంబైలోనో ఏదో సైటులో. తీరం ఊళ్ల మత్స్యకారులు గుజరాత్ వెళ్లి నెలల తరబడి పడవల మీద ఉంటారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇవాళ ఏం జరిగిందో చెప్పుకుందామంటే అరుగు ఉంది, మనుషులు లేరు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. మరుసటేడాది ఫిబ్రవరిలో వాట్సాప్‌లో ఫోటోల స్టేటస్ వచ్చింది. మా ఊళ్లకి ఆ రెండూ కలిసి అరుగుని ఫోన్లో కట్టిచ్చాయి.

ఆ అరుగు విలువ నాకు 2018లో తెలిసింది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరం మీద పడింది. కొబ్బరిచెట్లు వేర్లతో లేచిపోయాయి, కరెంటు పోయింది, టవర్లు పడిపోయాయి. నేను శ్రీకాకుళంలో ఉన్నాను, అమ్మ ఊళ్లో ఉంది. రెండు రోజులు ఏ కబురూ లేదు. ఫేస్‌బుక్‌లో అమ్మ పేరు, వయసు, రామాలయం వెనక మూడో ఇల్లు, పెంకులిల్లు, బీపీ మందులు వాడుతుంది అని అన్నీ రాసి, ముక్కూమొహం తెలియని గ్రూపులన్నిటిలో పెట్టాను. ఇంతకంటే సొంత విషయాలు ఏముంటాయి? అలాంటి పోస్టులతో ఆ గ్రూపులు నిండిపోయాయి. మూడోరోజు, టెక్కలి నుంచి నీళ్ల క్యాన్లు పట్టుకెళ్లిన ఒక కుర్రాడు మా అమ్మతో ఫోటో దిగి పంపించాడు. అతనెవరో ఈ రోజుకీ నాకు తెలీదు. మా ఇంట్లో ఆ ఫోటో ప్రింటు తీసి పెట్టుకున్నాం. 2021లో కరోనా రెండో విడతలో కూడా ఇంతే. పేషెంటు పేరు, ఆక్సిజన్ ఎంత ఉందో, అటెండరు నంబరు అన్నీ రాసి బెడ్డు కోసం పంచుకున్నాం. మనిషి పోతున్నప్పుడు గోప్యత గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించక్కర్లేదు కూడా.

ఇప్పుడు గుట్టు దగ్గరికి వస్తాను. గుట్టులో మంచి ఉంది. మూడో నెల నిండేదాకా కడుపుతో ఉన్న సంగతి చెప్పొద్దంటారు. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందని పసిపిల్లకి బుగ్గన చుక్క పెడతారు. కానీ మా ఇళ్లలో గుట్టు ఎప్పుడూ ఒకరి మీదే పడుతుంది. మొగుడు కొడితే గుట్టుగా ఉండాల్సింది పెళ్లాం. అప్పులవాడు గుమ్మం ఎక్కితే గుట్టుగా తలుపేసుకోవాల్సింది ఇంటి ఆడవాళ్లు. జబ్బొస్తే గుట్టుగా ఉండాల్సింది రోగి. మా షాపుకి ఒకామె వచ్చి, చెంప వాచిన తన ఫోటోని కలర్ ప్రింటు తియ్యమని అడిగింది. అంతకు వారం ముందు ఆమె అదే ఫోటో ఫేస్‌బుక్‌లో పెడితే ఊరంతా ఆమెనే తిట్టింది, సంసారం వీధిలో పెట్టిందని. ఆ పోస్టు చూసే వాళ్లన్నయ్య విజయనగరం నుంచి వచ్చి తీసుకెళ్లాడు. ఆ ప్రింటు తీస్తున్నప్పుడు నాకు అనిపించింది, ఇలాంటి గుట్టు పగిలినా పర్వాలేదని. కిడ్నీ జబ్బు కూడా అంతే. మా ఊరి జనం దాచుకుంటూ పోతే ఇంటికొకరు ఒంటరిగా చచ్చిపోతారు. చెల్లి ఫోటో చూశాకే మా వీధిలో ఇద్దరు వచ్చి, "మావోడికీ ఉంది, ఎక్కడ చూపిస్తున్నారు?" అని అడిగారు.

ఇంతవరకే జరిగి ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ఆపేసేవాణ్ణి.

ఆ ఫోటోని ఊళ్లో ఎవరో, మంచి మనసుతోనే, స్క్రీన్‌షాట్ తీసి ఒక ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టారు. "పేద కుటుంబం, దాతలు స్పందించండి" అని రాసి, చెల్లి ఫోన్ నంబరు కింద ఇచ్చారు. చెల్లిని అడగలేదు. మూడు రోజుల్లో నలభై ఫోన్లు. ఇద్దరు నిజంగానే చెరో ఐదొందలు పంపారు. రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి "పెళ్లయిందా, ఒక్కదానివే ఉంటావా" అని అడిగిన మగాళ్లు ఉన్నారు. వాళ్ల సంఖ్య దాతల కంటే ఎక్కువ. నాలుగోరోజు ఒకాయన ఫోన్ చేశాడు. మర్యాదైన గొంతు, "అమ్మా" అని పిలిచాడు. ట్రస్టు నుంచి యాభై వేలు శాంక్షన్ అయిందన్నాడు. చిన్నాన్న పేరు చెప్పాడు, ఏ వార్డో చెప్పాడు, మంచం నంబరు చెప్పాడు. ఫోటోలో మంచం వెనక గోడ మీద ఉన్న బోర్డు చూసి చదివాడు. కానీ అవతలి గొంతు నాన్న మంచం నంబరు చెప్తుంటే నమ్మకుండా ఎలా ఉంటుంది? డబ్బు రావాలంటే యూపీఐ పిన్ కొట్టమన్నాడు. కొట్టింది. పద్నాలుగు వేల ఐదొందలు పోయాయి. ఆ నెల ఆటో కిరాయిలు, ఇంజెక్షన్ల డబ్బులు.

డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పంపడానికే కావాలి. మోసం జరిగిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే, దొంగ ఇంకా తియ్యకపోతే ఆ డబ్బుని ఆపగలుగుతారు. చెల్లికి అది మర్నాడు తెలిసింది. ఫిర్యాదు చేసింది, నంబరు వచ్చింది, డబ్బు రాలేదు. ఆ ఫిర్యాదు కాపీలు నా షాపులోనే ప్రింటు తీశాను. మూడు కాపీలు తీసేంతసేపూ ఆమె కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. "నేను చెప్పలేదా" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు, ఎందుకంటే అది అబద్ధం అయ్యేది. నేను చెప్పింది పరువు గురించి. ఇది జరిగింది వేరే చోట.

ఎక్కడ జరిగిందంటే, తమ్ముడి కోసం రాసిన ఉత్తరం మీద చిరునామా చెరిగిపోయినచోట. అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే కొత్తవాడు వీధిలోకి రాగానే మనం మాట మార్చేస్తాం. ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్లు చూస్తాయి, నోరు సర్దుకుంటుంది. ఫోన్లో ఆ కొత్తవాడు కనబడడు. ఆలిస్ మార్విక్, డానా బాయిడ్ అనే పరిశోధకులు ట్విట్టర్ వాడేవాళ్లని "మీరు ఎవరి కోసం రాస్తారు" అని అడిగి చూశారు. రాసేవాళ్ల మనసులో ఒక ఊహించుకున్న గుంపు ఉంటుందని, నిజంగా చదివే గుంపు వేరని వాళ్లు రాశారు. పెళ్లిపందిరి, ఆఫీసు, బడి, పోలీస్ స్టేషన్ అన్నిటికీ మధ్య గోడలు తీసేసి ఒకే హాలు చేస్తే ఎలా ఉంటుందో ఫోన్లో అలా ఉంది. మనం మాత్రం పెళ్లిపందిట్లో ఉన్నామనుకుని మాట్లాడుతున్నాం.

ఆ గోడలు వాటంతట అవి పడిపోలేదు. 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ పెట్టింది. ఒక తల ఊపుని అంకెగా మార్చింది. అంకె పెరగాలంటే ఎక్కువమంది చూడాలి, ఎక్కువమంది చూడాలంటే గోడలు ఉండకూడదు. 2023లో ఫేస్‌బుక్, వాట్సాప్ నడిపే మెటా కంపెనీ ఆదాయం సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందులో నూటికి 97కి పైగా ప్రకటనల మీద వచ్చిందే. మా మాస్టారి టీ గ్లాసు కూతురికి మాత్రమే చేరితే ఆ కంపెనీకి లాభం తక్కువ. పదిమంది చూసి, ఆగి, ఇంకో పది చూస్తేనే వాళ్ల లెక్క నడుస్తుంది. ఎవరికి చెప్పాలో ఎంచుకునే సెట్టింగులు ఉన్నాయి, లేవనను. కానీ పంపించే బటన్ కళ్లముందు ఉంటుంది, ఎవరికి అని అడిగే మెనూ ఒక మూలన ఉంటుంది. మా షాపుకి వచ్చేవాళ్లలో ఆ మెనూ చూసినవాళ్లు చాలా తక్కువ.

చట్టం సంగతి కూడా చూశాను. గోప్యత మన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అయితే ఒక మనిషి తన వివరాలు తానే బహిరంగంగా పెట్టుకుంటే వాటికి ఆ చట్టం వర్తించదని అందులో రాసి ఉంది. రచ్చబండ ఎక్కి తన అభిప్రాయం చెప్పినవాడి విషయంలో అది సబబే. కానీ మనవాళ్లకి చెప్పడానికీ బహిరంగంగా పెట్టడానికీ మధ్య ఇరవై మెట్లున్నాయి. జనం ఉండేది ఆ మెట్ల మీదే. చట్టం పైమెట్టుని, కిందమెట్టుని మాత్రమే చూస్తోందని నా బాధ.

"నీది నువ్వు చెప్పుకో" అని ఇంతసేపూ వాదించాను కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మనది కానిది మనం చెప్పకూడదు. పిల్లల విషయంలో మన ఇళ్లలో ఇది రోజూ జరుగుతోంది. ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఫంక్షన్‌కి ఫ్లెక్సీ కట్టడం మా వైపు మామూలైపోయింది. డిజైన్లు నేనే చేస్తాను. ఒక సాయంత్రం ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు, ఎనిమిది అడుగుల ఫ్లెక్సీ కావాలన్నాడు. ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి. నేను ఫోటోని పెద్దది చేస్తుంటే, నా కుర్చీ వెనక నిలబడి మానిటర్ వైపు చూస్తూ మెల్లిగా అంది: "అంకుల్, నా ఫోటో చిన్నది పెట్టండి. మా స్కూలు దారిలో కడతారు." ఆ నాన్న వినలేదు, వాళ్ల బావగారితో ఫోన్లో ఉన్నాడు. ఆ ఫ్లెక్సీ కూడా ఎవరి కోసమో నాకు తెలుసు, ఆ బావగారి కోసమే. కానీ దాని కిందనుంచి రోజూ సైకిల్ మీద వెళ్లాల్సింది ఆ పిల్ల. ఫ్లెక్సీ అయితే నెలకి చిరిగిపోతుంది. అదే డిజైన్‌ని వాళ్ల నాన్న ఫేస్‌బుక్‌లో పెట్టాడు, ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు ఆ రకం ఫ్లెక్సీలకి ఎవరొచ్చినా, అమ్మాయి రాకుండా ఫైల్ ఓపెన్ చెయ్యనని చెప్తున్నాను. కొందరు పక్క షాపుకి వెళ్లిపోతున్నారు. వెళ్లనీ.

ఆ లెక్కన చెల్లి చేసింది కూడా పూర్తిగా ఒప్పు కాదు. పరువు కోసం తిడుతూ నేను అడిగిన ప్రశ్నల్లో ఒకటి మాత్రం సరైనదే: "ఆయన్ని అడిగావా?" ఆ గొట్టాలు చెల్లివి కావు.

పోయిన సంక్రాంతికి ముందు ఊరెళ్లినప్పుడు, చెల్లి ఫోన్ నా చేతిలో పెట్టి "నువ్వే సరిచెయ్యన్నియ్యా" అంది. స్టేటస్ సెట్టింగుల్లో "ఓన్లీ షేర్ విత్" అని ఉంటుంది, ఎవరిని టిక్ చేస్తే వాళ్లకే కనబడుతుంది. ఆమె ఫోన్లో 312 నంబర్లు ఉన్నాయి. నేను ఒక్కొక్క పేరే చదివాను, ఆమె వద్దు, వద్దు అంటూ పోయింది. గ్యాస్ బండివాడు వద్దు. సూపర్‌వైజరు వద్దు. చివరికి ఆరుగురు మిగిలారు. తమ్ముడు, నేను, విశాఖలో ఉన్న మా అప్ప, ఫ్యాక్టరీలో ఆమె పక్కన కూర్చునే అమ్మాయి, మా ఊరి ఆశా వర్కరు. ఆరో పేరు "మంచం 9 పిన్ని" అని సేవ్ అయి ఉంది. చిన్నాన్న పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే ఆయన భార్య.

చిన్నాన్న అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. చెల్లి ఫోన్ ఎత్తి ఆయన్ని ఒక ఫోటో తీసింది. మళ్లీ పెట్టబోతూ ఆగి, లేచి వెళ్లి ఆయన ముందు కూర్చుని ఫోన్ చూపించింది. "తమ్ముడికి పెడతాను నాన్నా. పెట్టనా?" ఆయన కళ్లు చికిలించి చాలాసేపు చూసుకున్నాడు.

"ఆగమ్మా. సొక్కా ఏసుకుంతాను, మళ్లీ తియ్యి."

లోపలికి వెళ్లి తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఎడమచేతి గుండీ ఫిస్టులా ఉబ్బు మీద పట్టలేదు. చెల్లి ఆ చెయ్యి రెండు మడతలు పెట్టి, వెనక్కి జరిగి, ఫోన్ ఎత్తింది.